వంకాయ రంగు ప్రెసిడెంటు

ఇప్పుడంటే ఎవరు తలుపు కొట్టినా ముందు సందులోంచి చూసి, ఎవరు, ఏ పని మీద అని అడిగి గానీ గడియ తీయడం లేదు. డిగ్రీ అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మాత్రం లోకంలో అందరూ మంచివాళ్ళేననీ, నేను నోరు తెరవగానే నమ్మేయడానికి సిద్ధంగా కూర్చున్నారనీ నాకు గట్టి ధీమా ఉండేది. లోకానికి నా మీద అలాంటి ధీమా ఏమీ లేదని తెలుసుకోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలింది. ఆ మధ్యాహ్నం గురించే ఇదంతా.

ఉద్యోగం గుంటూరు బ్రాడీపేటలో. ఒక కంటి ఆసుపత్రికీ, ఒక కోచింగ్ సెంటరుకీ మధ్య ఇరుకు మెట్లెక్కితే వచ్చే రెండు గదుల ఆఫీసు. యజమాని రిటైరైన సోషల్ మాస్టారు. పిల్లలు పౌరశాస్త్రం పాఠం వినకుండా నిద్రపోతున్నారన్న దిగులు ఆయన్ని సర్వీసంతా పీడించింది. రిటైరవగానే ఆ దిగులునంతా అట్ట మీద అచ్చు వేయించారు. ఆట పేరు 'మన ఊరి నుంచి ఢిల్లీ దాకా'. పాచిక వేసి బొమ్మని జరుపుకుంటూ పోవాలి. పంచాయతీ ఆఫీసు దగ్గర బయలుదేరి మండలం, జిల్లా, అసెంబ్లీ దాటి పార్లమెంటు చేరినవాళ్ళు గెలిచినట్టు. దారిలో ఉండవల్లి గుహలు, కొండవీడు కోట, సాగర్ డ్యామ్, చివర్లో ఎర్రకోట. ఓటు వేస్తే ముందుకి, పన్ను ఎగ్గొడితే వెనక్కి. ఆఫీసులో మేమందరం (అంటే నేనూ, ప్యాకింగ్ చేసే ఆంటీ) ఆయన్ని పార్లమెంటు మాస్టారు అనుకునేవాళ్ళం, ఆయన లేనప్పుడు.

మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. పైన మంచి కాయలు పరిచి అడుగున తాలుకాయలు కూరారేమోనని రోజంతా బస్తాల్లో చెయ్యి పెట్టి చూసే మనిషి. నా ఉద్యోగంలో కూడా అలాగే చెయ్యి పెట్టి చూశాడు. "ఆటలమ్మే ఉద్యోగమేంటమ్మా? ముందు నువ్వు కొనాలా?" అన్నాడు. లేదన్నాను. "నీ కింద ఇంకో నలుగుర్ని చేర్పించాలా?" అక్కర్లేదన్నాను. కాసేపు ఆలోచించి, "మరి జీతం ఎందుకిస్తాడు ఆయన?" అన్నాడు. నాన్న లెక్కలో మోసం కనిపించకపోవడమే అన్నిటికన్నా పెద్ద మోసం.

మాస్టారికీ అనుమానాలు తక్కువేం కాదు. మన జిల్లాల్లో ఏదో ఒక ఎన్నిక ఎప్పుడూ ముందో వెనకో ఉంటూనే ఉంటుంది కాబట్టి, ఆటలో బొమ్మలకి ఏ రంగు వేసినా ఎవరో ఒకరు మీరు ఫలానా వాళ్ళా అంటారని ఆయన భయం. వారాల తరబడి ఆలోచించి, ఏ పార్టీ జెండాలోనూ లేని రంగులు వెతికి పట్టుకున్నారు. ఓటరు బూడిద రంగు, కలెక్టరు ఇటుక రంగు, ఎమ్మెల్యే కాఫీ రంగు, సర్పంచ్ వంకాయ రంగు. "ఇక మనల్ని ఎవరూ ఏమీ అనలేరమ్మా" అన్నారు నాతో, సంబరంగా. నేనూ నమ్మాను. అప్పట్లో నేను ఏదైనా నమ్మేదాన్ని.

పెట్టె పట్టుకుని బడులు తిరిగి ఆట ఆడించి చూపించడం నా పని. ఆ రోజు ఒంగోలు వెళ్ళే బస్సెక్కి హైవే మీద ఒక అడ్డరోడ్డు దగ్గర దిగాను. అక్కడి నుంచి ఊళ్ళోకి ఆటో. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న ఆటో బాబాయి నన్ను కాకుండా నా పెట్టెని ఎగాదిగా చూశాడు. "అమ్మాయ్, అందులో పొలం మోటార్లకి బిగించే కరెంటు మీటర్లు కాదు కదా?" అన్నాడు. కాదన్నాను. "మీటర్లయితే చెప్పెయ్యి. ఊరి బయటే దించేస్తా. పోయినసారి మీటర్లోళ్ళని ఎక్కించుకొచ్చానని ఊళ్ళో నాకు మంచినీళ్ళు కూడా పొయ్యలేదు." పెట్టె మూత తీసి చూపిస్తే గానీ ఆటో కదల్లేదు. కదిలాక కూడా అద్దంలోంచి పెట్టె మీద ఓ కన్ను వేసే ఉంచాడు.

బడిలో హెడ్మాస్టారు ఆటని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది కానండీ, తల్లిదండ్రులు ఊ అంటేనే మేం కొనగలం. వాళ్ళంతా ఇప్పుడు కళ్ళాల్లో ఉంటారు. వెళ్ళి చూపించండి" అన్నారు. నన్ను వదిలించుకోడానికే అలా అన్నారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, ఎంత ప్రజాస్వామికంగా మాట్లాడారో అని మురిసిపోతూ ఎండలో నడిచాను.

మిర్చి కళ్ళం అంటే చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. నేలంతా ఎర్రగా ఎండుమిరపకాయలు, మీద ఎండ, మధ్యలో గాలి తిరిగితే ఊరంతా ఒకేసారి తుమ్ము. ఓ పక్క పచ్చ వల కట్టిన పందిరి కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను యార్డు గుమాస్తా కూతుర్నే అయినా చెంగు ముక్కుకి కట్టుకోవాలన్న ఇంగితం లేదు. వెళ్ళీ వెళ్ళగానే తుమ్ములు అందుకున్నాయి. ఆ తుమ్ములకే పిల్లలు చేరారు, పిల్లల వెనక పెద్దలు చేరారు. అందరికన్నా ముందు ఒక ముసలాయన చేతికర్రతో వచ్చి నిలబడ్డాడు. ఆయన్ని పిల్లలు 'ఎందుకు తాత' అంటారని తర్వాత తెలిసింది. కారణం మాత్రం వెంటనే తెలిసింది.

"ఎవరమ్మాయివి?"

"గుంటూరు నుంచి వచ్చానండి."

"ఎందుకు?"

"పిల్లలకి ప్రభుత్వం గురించి చెప్పే ఆట అండి. చూపిద్దామని."

"ఎందుకు?"

"అంటే... పిల్లలు తెలుసుకుంటారని."

"తెలుసుకుని?"

మాటలు కట్టిపెట్టి, మాస్టారు నేర్పినట్టే టార్పాలిన్ మీద అట్ట పరిచేసి పని మొదలుపెట్టాను. తాత వంగి, అట్ట మీద బయలుదేరే గడిలో గీసిన ఊరి బొమ్మని చాలాసేపు చూశాడు.

"ఇందులో మా పొలమేదీ?" అన్నాడు.

"ఇది ఏ ఊరూ కాదండీ, ఉత్త బొమ్మ."

"ఏ ఊరూ కాని ఊళ్ళో కాలవ ఇలా బడి ఎనక నుంచి వంపు తిరుగుద్దా? ఇది మా కాలవే." ఆయన వేలు కాలవ వెంట పోయి ఒక గడి మీద ఆగింది. మనవడిని చదవమన్నాడు. వాడు కూడబలుక్కుంటూ, "కొత్త రోడ్డు పడింది, మూడు గళ్ళు ముందుకు" అని చదివాడు.

"ఎవరి పొలంలోంచి పడింది?" అన్నాడు తాత నాకేసి తిరిగి.

వెనక నుంచి ఎవరో, "ఒరేయ్, మొన్న పొలాలు కొలవడానికని డ్రోను తిరిగింది ఇందుకేరా!" అని అరిచారు. అంతే. అప్పటిదాకా చుట్టూ నిలబడ్డవాళ్ళు కాస్తా అట్ట మీదకి ఒరిగిపోయారు. నా ఫోను కూడా చూపించమన్నారు, అందులో మ్యాపులున్నాయేమోనని. (ఉన్నాయి. దారి కనుక్కోడానికి పెట్టుకున్న మ్యాపు. అది చూశాక నా పని ఇంకా బాగుపడింది.) ఒకాయన బొమ్మల్ని గుప్పిట్లో పోసుకుని రంగులు పరికించాడు.

"ఏ పార్టీ అమ్మాయ్ మీది?"

"ఏ పార్టీ కాదండీ. అందుకేగా మా సార్ ఈ రంగులు పెట్టారు."

"అంటే కొత్త పార్టీయా?"

"గుర్తేంటి? పాచికా?" అని ఇంకొకాయన.

వారాల తరబడి మాస్టారు పడ్డ శ్రమ అలా గాలిలో కలిసిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. కళ్ళలో నీళ్ళు కారం వల్లనే అని వాళ్ళనుకున్నారు. నేనూ అలాగే చెప్పుకున్నాను. పందిరి కిందనుంచి ఎవరో ఒకావిడ, "పాపం, ఆ పిల్లకి మజ్జిగియ్యండే" అంది. చెంబు నా చేతికొచ్చింది. తాగొచ్చా లేదా అని చెంబులోకి తొంగిచూశాను. వాళ్ళ పక్కన కాసేపు నిలబడేసరికి నాకూ ఆ అనుమానం అంటుకుంది.

అప్పుడే బుల్లెట్ బండి చప్పుడైంది. జనం దారిచ్చారు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. "ప్రెసిడెంటు గారొచ్చారు" అన్నారెవరో. మా వైపు సర్పంచ్‌ని ప్రెసిడెంటు అనే అంటారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చదువుకున్న మనిషి, పదవిలో ఉన్న మనిషి, అర్థం చేసుకుంటాడనుకున్నాను.

"ఎవరి పర్మిషన్‌తో పెట్టావమ్మా ఇక్కడ?" అన్నారు ఆయన.

నేను నోరు తెరిచేలోగా తాత అడ్డొచ్చాడు. ప్రెసిడెంటు గారికి ఆయన సొంత పెదనాన్న. "ఒరేయ్, అడిగితే ఈ పిల్ల నిజం చెప్పదు. ఆడితే తెలుసుద్ది. ఆడి చూద్దాం, ఎక్కడికి తీసుకెళ్తదో" అన్నాడు. అందరికీ నచ్చింది. తాత కలెక్టరు బొమ్మ తీసుకున్నాడు, ఎందుకంటే జీవితంలో ఎన్నో అర్జీలు పెట్టినా ఆయనకి కలెక్టరు ఒక్కసారీ కనపడలేదట. ప్రెసిడెంటు గారు, ఎవరూ చెప్పకుండానే, వంకాయ రంగు సర్పంచ్‌ని తీసి తన ముందు పెట్టుకున్నారు. సహజమే కదా అనుకున్నాను.

ప్రతి బొమ్మకీ ఒక అట్టముక్క ఉంటుంది, ఆ పదవి ధర్మాలు రాసి. వాటిని గట్టిగా, స్పష్టంగా, పిల్లలకి వినబడేలా చదవాలని మాస్టారు నాకు మరీ మరీ చెప్పారు. సర్పంచ్ ముక్క తీసి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చదివాను. "సర్పంచ్‌గా ఎన్నికైనవారే పాచిక వేయవలెను. వారి తరఫున భర్త గానీ, తండ్రి గానీ, బంధువులు గానీ ఆడరాదు. ఆడినచో మొదటి గడికి పంపబడుదురు."

తుమ్ములు కూడా ఆగిపోయాయి. నేనేదో తప్పు చదివానేమోనని ముక్కని మళ్ళీ చూసుకున్నాను. పందిరి కింద ఎవరో పకపక నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు, వరసంతా నవ్వింది. తాత చేతికర్ర నేలకేసి కొట్టి, "అయితే నువ్వు లెగరా అబ్బాయ్!" అన్నాడు.

అప్పుడు తెలిసింది. ఎన్నికైన ప్రెసిడెంటు ఆయన కాదు. ఆయన భార్య. ఇందాక నాకు మజ్జిగ ఇప్పించిన ఆవిడే. పోటీ చేసింది, గెలిచింది, ప్రమాణం చేసింది, మర్నాటి నుంచి మళ్ళీ మిరపకాయలు ఏరుకుంటోంది. పదవి బుల్లెట్ మీద ఆయన తిప్పుతున్నారు.

ఆయన మొహం మా నాన్న యార్డులో ఏరి పక్కన పడేసే కాయలా తెల్లబోయింది, వెంటనే మంచి కాయలా ఎర్రబడింది. "ఇది ఎవరు రాయించారు? మా ఇంటి సంగతి నీకెవరు చెప్పారు?" అన్నారు. "ఎవరూ చెప్పలేదండీ, అచ్చులోనే అలా ఉంది" అన్నాను. "అచ్చేయించింది ఎవరు? మీ సారు నంబరియ్యి." ఇచ్చాను. ఆయన స్పీకరు పెట్టి మాట్లాడారు. అవతల మాస్టారు, "అయ్యా, ఆ అమ్మాయి మా దగ్గర కొత్తగా చేరిందండీ, మాకు పెద్దగా తెలియదండీ" అంటుంటే అందరూ విన్నారు. నా ఉద్యోగం ఆ ఎర్రటి కళ్ళంలో ఆరబోసినట్టే అనిపించింది. ఫోను పెట్టేసి ఆయన అట్ట మడవబోయారు. "ఇది పంచాయతీ ఆఫీసులో ఉంటది. ఎనకాల ఎవరున్నారో తేలాక వచ్చి పట్టుకెళ్ళు."

"ఆగండి" అంది పందిరి కిందనుంచి ఆవిడ.

లేచొచ్చింది. ఊరికి వదిన వరసట, అందరూ వదినా అనే పిలుస్తున్నారు. బిందెలో నీళ్ళతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, అట్ట ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది. "పాచికియ్యి పిల్లా. గెలిచినదాన్ని నేనేగా" అంది. మొగుడి వైపు చూడలేదు. చూస్తే ఆడలేనని అలా అట్ట మీదే కళ్ళు పెట్టిందని నాకనిపించింది. పాచికని గుప్పిట్లో గిలకొట్టి వేసింది.

ఆట సాగింది. అనుమానం మాత్రం ఎక్కడా పోలేదు, గడి గడికీ అది ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకి మారుతూ వచ్చింది. తాత బొమ్మ కొండవీడు మీద పడింది. "కోట చూడడానికి ఒక వంతు ఆగుము" అని చదివాను. "ఇంట్లోంచి లేస్తే కనపడే కొండకి ఆగడమెందుకు?" అని తాత ఆగనన్నాడు. నచ్చచెప్పి ఆపాం. తర్వాతి వంతుకి 'సాగర్ కాలవకి నీళ్ళు వదిలారు, ముందుకు జరుగుము' అన్న గడి వచ్చింది. తాత జరగలేదు. "ఎప్పుడొదిలారు? ఎవరికొదిలారు? మా చివర పొలాలకి రాందే నేను జరగను" అని కూర్చున్నాడు. ఆటలో ముందుకి పొమ్మంటే పోనన్న మనిషిని నేను ఆ ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళూ, నిజమే, జరగొద్దు పెదనాన్నా అన్నారు.

వదిన బొమ్మ మెల్లగా వెళ్ళి ఒక ఎర్ర గడిలో ఆగింది. "గ్రామసభ పెట్టలేదు. పెట్టేదాకా కదలరాదు" అని చదివాను.

"గ్రామసభ ఎవరు పెట్టాలి?" అంది ఆవిడ.

"సర్పంచ్ అండీ."

"అంటే?"

"అంటే... మీరేనండి."

ఆవిడ అప్పుడు తలెత్తి మొగుడిని చూసింది. "ఏవండీ, నేను పెట్టానా?"

"పెట్టాంగా! సంతకం చేశావుగా!"

"దేని మీదో చెప్పలేదుగా?"

తాత గొంతు తగ్గించి నన్నడిగాడు. "అమ్మాయ్, ఆ సభలో కాలవ నీళ్ళ సంగతి అడగొచ్చా?" అడగొచ్చన్నాను. "రోడ్డు ఎటు పోతందో?" అదీ అడగొచ్చన్నాను. "అడిగితే ఎవరూ ఏమనరుగా?" అన్నాడు. అంత పెద్దాయన, అందర్నీ ఎందుకని నిలదీసే మనిషి, ఆ మాట అడిగినప్పుడు చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఏమనరండీ అన్నాను, నాకేదో తెలిసినట్టు.

వదిన లేచి చీర దులుపుకుంది. "కాయలు కోల్డ్ స్టోరేజీకి పోయాక సభ పెడతన్నా. అందరూ రండి" అని ఊరికి చెప్పింది. ఆ తర్వాత మొగుడితో, "మీరూ రండి" అంది.

అట్ట మడిచి నా చేతికిచ్చింది ఆ బుల్లెట్ ఆయనే. ఆటో దాకా వచ్చారు. గొంతులో కోపం లేదు, బాధ లాంటిదేదో ఉంది. "అమ్మాయ్, ఒట్టేసి చెప్పు. ఎవరు పంపారు?" "మా సార్ అండీ." "మీ సారుకి ఎవరు చెప్పారు?" ఎంత చెప్పినా నమ్మలేదు. ఆయన ఇప్పటికీ నమ్మి ఉండరు.

గుంటూరు చేరేసరికి మాస్టారు మెట్ల మీదే నిలబడి ఉన్నారు. "ఇన్ని ఊళ్ళుండగా ఆ ఊరికే ఎందుకెళ్ళావమ్మా? నిన్నెవరైనా పంపారా?" అన్నారు. ఆ ఊరి పేరు ఆయన చెప్పిందే! ఇంటికెళ్ళి నాన్నకి చెబితే, "నేను మొదట్నించీ అంటూనే ఉన్నా" అన్నాడు తృప్తిగా. నెలాఖరుకి నన్ను తీసేస్తారని ఖాయం చేసుకున్నాను.

కొన్నాళ్ళకి ఆఫీసు ఫోను మోగింది. "గుంటూరు పిల్లేనా? నేను, మజ్జిగిప్పించిన వదినని. సభ అయింది" అంది. జనం బాగా వచ్చారట. తాత నీళ్ళ సంగతి అడిగాడట, ఎవరూ ఏమనలేదట, జవాబు కూడా ఎవరూ చెప్పలేదట. మైకు పట్టుకున్నప్పుడు మాట రాక తను ఏడ్చిందట. ఏడుపు ఆగాక, కాలవ ఆఫీసుకి ఊరంతా కలిసి వెళ్దామని తీర్మానం రాయించిందట. అంతా చెప్పి అడిగింది. "ఇంతకీ ఆ ఆటలో, తర్వాత గడిలో ఏముందే?"

నేను ఫోను మాస్టారికి ఇచ్చాను. మొదట ఆయన, ఎవరు, ఏ పార్టీ, ఎవరైనా వింటున్నారా అని అటూ ఇటూ చూశారు. తర్వాత కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత మండలంలో ఎవర్ని కలవాలి, ఏమడగాలి, తీర్మానం నకలు ఎలా తీసుకోవాలి అని చెబుతూ చాలాసేపు మాట్లాడారు. సర్వీసంతా ఆయన పాఠం చివరిదాకా విన్న మొదటి విద్యార్థి ఆవిడే అనుకుంటాను. ఫోను పెట్టేసి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఉద్యోగం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ అలా చాలాసార్లు ఫోను చేసింది. చివర పొలాలకి ఒక తడికి నీళ్ళు వచ్చాయని చెప్పింది, రెండో తడికి మళ్ళీ రాలేదని కూడా చెప్పింది. రానురాను ఆవిడ అడిగే ప్రశ్నలకి మాస్టారి పుస్తకంలో జవాబులు దొరకడం మానేశాయి. కొన్నాళ్ళకి ఫోన్లూ మానేసింది. మా ఆటలో లేని గళ్ళు ఆవిడే చూస్తోందన్నమాట, ఇక మాతో పనేముంది?

కంపెనీ ఎక్కువ కాలం నడవలేదు. నేనిప్పుడు అదే బ్రాడీపేటలో పోటీ పరీక్షల పిల్లలకి పాలిటీ చెబుతున్నాను. గ్రామసభ అధికారాల దగ్గరికి రాగానే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు, "మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?" అని అనుమానంగా అడుగుతారు. వస్తుందంటాను. వస్తుందో రాదో నాకు తెలియదు. అడిగితే ఎవరూ ఏమనరని ఒక ముసలాయనకి కళ్ళంలో నిలబడి మాటిచ్చిన అమ్మాయికీ ఏమీ తెలియదు. ముక్కు కారుతూ, కళ్ళు మండుతూ, ఆ మాట ఎంత ధైర్యంగా చెప్పిందని! ఇప్పుడు నాకు ప్రతి అధికరణం సంఖ్యతో సహా వచ్చు గానీ, అదే మాట మళ్ళీ చెప్పమంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. అందుకే ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక, కాసేపు క్లాసులో ఏం చెబుతున్నానో మర్చిపోతాను.